పోరన్ని గూడ

గడ్చిరోలి కోర్టుల నాకు కుర్చీ లేదు.
బోనుకూ జడ్జిగారి బల్లకూ నడుమ
నిలవడేంత జాగ ఉంటది, అదే నాది.
సిరోంచ దిక్కు తెలుగోళ్ల కేసు వస్తే కబురంపుతరు.
రోజు కూలి మూడొందలు, బస్సు కిరాయి వేరే.

ఆనాడు బోనుల దుర్గం బానయ్య.
మిరపచేను ఒడ్డు కాడ పంచాయితి,
ఎంత జాగని? నాగలి ఒక్కసారి తిరిగేంత.
మొగిలి గట్టు మీద దొరికిండు,
పదేండ్ల కొడుకు ఓదెలు బాయిల.

పోరన్ని ఏంజేసినవని జడ్జిగారు అడిగిండు.
బానయ్య నా మొకమే చూసిండు.
అంత పెద్ద హాలుల
ఆయినకు ఇంటి మాటంటే నేనొక్కన్నే.
"పోరన్ని గూడ కొట్టిన" అన్నడు.
నేనటు తిరిగి చెప్పిన,
"పోరాలా పణ్ మారలం."

తప్పు కాదది. ఏ పంతులునన్న అడుగుండ్రి.
మరాఠీల మారణే అంటే కొట్టుడే.
మారణే అంటే సంపుడు గూడ.
మనం రెండు మాటలు పెట్టుకున్నం,
వాళ్లకు ఒక్కటే సరిపోయింది.
టైపు చేసే పిల్ల చేతులు ఒక్క గడియ ఆగి
మళ్ల నడిసినయి.

మనం టెంకాయ కొడుతం, డప్పు కొడుతం,
పత్తికి మందు కొడుతం.
పొద్దు పొడవంగనే ఎండ కొడుతది.
బడి ఎగ్గొట్టిందని నా బిడ్డను నేనే రెండు కొట్టి
మాపటికి జిలేబి తెచ్చిన.

జడ్జిగారు మళ్ల అడుగలే.
మళ్లొక్కపారి అడుగుండ్రి సాబ్ అని నేననలే.
నాలుగున్నరైంది.
ఐదింటి బస్సు తప్పితే రాత్రంత స్టాండులనే.

తీర్పు నాడు గూడ నేనే.
ప్రాణం పోయేదాంక, అన్నకాడ నాలుక పొడారింది.
"సరిగ ఇనవడలే, మళ్ల చెప్పు" అన్నడు బానయ్య.
మళ్ల చెప్పిన.

బానయ్య సంపలేదని నేనంటలేను.
నాకు తెల్వది. సంపిండేమో.
పిల్లగాడు ఉరుక్కుంట పోయి పడ్డడేమో.
బాయికి ఏ భాషా రాదు.
నాలుగేండ్లకు నాగపూరుకు కాగితం రాసిన,
ఒక్క మాట గురించి రెండు పేజీలు.
వకీలు సదివి,
"ఇన్నొద్దులు యాడికి పోయినవ్ కాకా" అన్నడు.

రాజక్కకైతే ఏ కాగితం రాయలే.
అంగట్ల ఎండుచేపలు అమ్ముతది ఓదెలు తల్లి.
నాలుగేండ్లాయె తలకు నూనె పెట్టక.
"వాడు ఉరికెక్కిన్నాడు తానం చేస్త,
ఆనాడు నువ్వే వచ్చి చెప్పాలె" అన్నది నాతోని.
చేపలు తూకం ఏసి, పైన రెండు కొసరు ఏసింది.
వద్దనబుద్ధి కాలే. ఇంటికి తెచ్చి
వండుమని గూడ అనలే.

ఈ ఏడు అహేరి కాలేజీల వాదపోటీ,
మరణశిక్ష ఉండాల్నా, తీసెయ్యాల్నా.
చిట్టీలు ఎత్తితే
నా బిడ్డ వైశాలికి ఉండాలె అని వచ్చింది.
వారం దినాలు బర్రె ముంగట నిలవడి సదివింది.
"బాయిల నుంచి కొడుకును తీసిన తల్లికి
మీ దయ ఏం జవాబు చెప్తది?"
బర్రె గడ్డి నములుకుంట ఇన్నది.
నేను కొట్టంల పేడ తీసుకుంట ఇన్న.
మంచి ప్రశ్న. ఇప్పటికీ నా కాడ జవాబు లేదు.
నాయినా, నువ్వేమంటవ్ అనడిగింది.
"నీకొచ్చిన చిట్టీ నువ్వు సదువు బిడ్డా" అన్న.

నిన్న చీకటివడ్డంక బస్సు దిగింది,
చేతిల స్టీలు డబ్బా, రెండో బహుమతి.
చెప్పులు గూడ ఇడువకముందే ఒర్రింది,
"ఆలాపల్లి పోరడు లేడా నాయినా,
పోయినేడు ఫస్టొచ్చినోడు,
ఆ పోరన్ని గూడ కొట్టిన!"

వాళ్లమ్మ నవ్వింది. నేను డబ్బా చేతికి తీసుకొని
మూత తీసి, పెట్టి, మళ్ల తీసిన.
బిడ్డ అన్న మాట మరాఠీల ఎట్లయితదో
మనసుల గూడ అనుకోలే.